ప్రాగ్‌లో మొదటి రోజు: ఎక్కడం ట్రామ్‌లో, దిగడం కాలినడకన

చెక్ దేశ రాజధాని ప్రాగ్ పాత నగరాన్ని ఒక్క రోజులోనే చుట్టేయాలనుకునేవారు సాయంత్రానికి కాళ్లు పట్టేసి, ఏ చర్చి ఎక్కడ చూశారో గుర్తులేని స్థితిలో హోటలుకు చేరుకుంటారు. మొదటి రోజుకు ఒకే దారిని ఎంచుకోవడం మేలు. చెక్ నేలను పాలించిన బొహీమియా రాజుల పట్టాభిషేక ఊరేగింపులు సాగిన రాజమార్గం పౌడర్ టవర్ దగ్గర మొదలై, పాత పట్టణ కూడలి మీదుగా వెళ్లి, చార్లెస్ వంతెన దాటి, నెరుదోవా వీధి ఎక్కి కోటకు చేరుతుంది. రాజులకు గుర్రాలుండేవి కనుక ఎక్కుడు దారి వారికి లెక్కలోది కాదు. మనం మాత్రం ఎక్కే పనిని ట్రామ్‌కు అప్పగించి, దిగేటప్పుడు నడవడం మంచిది.

బయలుదేరే ముందు డబ్బు సంగతి చూసుకోవాలి. చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడ చెల్లేది యూరో కాదు, కొరునా. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు కాబట్టి నగదు కొద్దిగా ఉంటే చాలు. ఏటీఎం మీ సొమ్మును రూపాయల్లోకి తానే మార్చి చూపిస్తే ఒప్పుకోకుండా కొరునాల్లోనే తీసుకోండి. తేడా మీకే మిగులుతుంది. కూడలి చుట్టూ ఉండే మారకపు దుకాణాల్లో కమిషన్ లేదన్న బోర్డు కన్నా చేతికి ఎంత వస్తుందన్నదే ముఖ్యం. అక్కడ నష్టపోయినట్టు తోస్తే, వెయ్యి యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది. అందుకోసం రసీదు పారేయకండి. ట్రామ్, మెట్రోల కోసం ఇరవైనాలుగు గంటల కాగితపు టికెట్టు కొంటే, మొదటిసారి ఎక్కినప్పుడు పసుపు రంగు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్టు చేతిలో ఉన్నా జరిమానా తప్పదు.

ప్రాగ్ సమయం మన సమయానికి వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. భారతదేశం నుంచి ముందు రోజు సాయంత్రం దిగినవారికి తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. మంచం మీద దొర్లే బదులు లేచి చార్లెస్ వంతెనకు వెళ్లండి. పది గంటల తరువాత అక్కడ ఆగి చూడడానికి కూడా చోటుండదు. 1342 నాటి వరద అంతకుముందున్న రాతి వంతెనను కూల్చేయడంతో, బొహీమియా రాజు నాలుగవ చార్లెస్ 1357లో దీనికి శంకుస్థాపన చేశాడు. వ్లతావా నది మీద అర కిలోమీటరు పైగా సాగే ఈ వంతెనకు ఇరువైపులా ముప్ఫై విగ్రహాలున్నాయి. వాటిలో మొదట నిలిపినది నెపోముక్‌కు చెందిన యోహాను అనే మతగురువు కంచు విగ్రహం, 1683 నాటిది. రాణి చెప్పుకున్న పాపాలను రాజుకు వెల్లడించనందుకే అతన్ని నదిలో పడవేయించారని జనం చెప్పుకునే కథ. 1393లో జరిగిన ఆ హత్యకు చర్చి అధికారాల మీద రాజుతో వచ్చిన తగవు కారణమని చరిత్రకారులు చెబుతారు. పాత పట్టణం వైపు ఉన్న వంతెన బురుజును కూడా ఒకసారి తలెత్తి చూసి గుర్తుపెట్టుకోండి. సాయంత్రం దాని అవసరం వస్తుంది.

వంతెన దాటాక మాలా స్త్రానా పేటలోని కూడలిలో 22వ నంబరు ట్రామ్ ఎక్కి, ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగాలి. ఈ ట్రామ్‌లో జేబుదొంగల బెడద ఉంటుంది కనుక సంచిని ముందుకు తగిలించుకోండి. కోట ఆవరణలో తిరగడానికి టికెట్టు అక్కర్లేదు. భవనాలు తొమ్మిదింటికి తెరుస్తారు. సెయింట్ వైటస్ మహామందిరం పనులు 1344లో మొదలై 1929లో గాని ముగియలేదు. దాన్ని చాలాకాలం నడిపించిన శిల్పి పేటర్ పార్లరే మీరు పొద్దున నడిచిన వంతెన నిర్మాణాన్నీ చేపట్టాడు. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి కాబట్టి మధ్యాహ్నం దాకా పర్యాటకులను రానివ్వరు.

కోటలో సమయం తక్కువగా ఉంటే గోల్డెన్ లేన్ అనే చిన్న ఇళ్ల సందును వదిలేసి పాత రాజభవనం చూడమంటాను. అక్కడి వ్లాదిస్లావ్ సభామండపంలోకి అశ్వికులు గుర్రాలతోనే వచ్చి పోటీలు పడేవారు. వాటి కోసం కట్టిన వెడల్పాటి మెట్లు నేటికీ ఉన్నాయి. దాన్ని ఆనుకున్న గదిలోని కిటికీలోంచే 1618 మే 23న ప్రొటెస్టంట్ ప్రభువులు క్యాథలిక్ చక్రవర్తి ప్రతినిధులిద్దరినీ వారి గుమస్తానూ కిందికి తోసేశారు. దాదాపు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి పడినా ముగ్గురూ బతికారు. దేవదూతలు పట్టుకున్నారని క్యాథలిక్కులు, పెంటకుప్ప కాపాడిందని ప్రత్యర్థులు ప్రచారం చేసుకున్నారు. యూరప్‌ను కుదిపేసిన ముప్ఫై ఏళ్ల యుద్ధానికి నాంది ఈ కిటికీ దగ్గరే పడింది.

నెరుదోవా వీధి గుండా దిగేటప్పుడు గుమ్మాల పైభాగాన్ని గమనించండి. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంటి నంబర్లు రాకముందు, రెండు సూర్యులు, మూడు ఫిడేళ్లు, బంగారు తాళంచెవి వంటి గుర్తులే అక్కడి చిరునామాలు. వీధంతా రాళ్లు పరిచినదే కాబట్టి కొత్త బూట్లు ఆ రోజుకు వద్దు. భోజనానికి శాకాహారులు వేయించిన జున్ను అడగవచ్చు. బంగాళదుంపల సూప్‌లో మాంసం కలుస్తుందో లేదో కనుక్కొని తీరాలి.

తిరుగుదారిలో రద్దీగా ఉండే చార్లెస్ వంతెనను వదిలి, పక్కనున్న మానెస్ వంతెన మీదుగా పాత పట్టణ కూడలికి చేరండి. 1410 నాటి ఖగోళ గడియారం ముందు గంట గంటకూ గుమిగూడే జనం పన్నెండుమంది అపొస్తలుల బొమ్మల కోసం వస్తారు. ఆ తతంగం నిమిషంలో అయిపోతుంది. గంట కొట్టి పావుగంటయ్యాక వెళితే, అసలు చూడవలసిన ఫలకం ప్రశాంతంగా కనిపిస్తుంది. అందులో సూర్యచంద్రుల స్థానాలు, సూర్యాస్తమయం నుంచి లెక్కించే పాత చెక్ గంటలు, మేషాది పన్నెండు రాశులు ఉంటాయి. ఆ రాశిచక్రం నక్షత్రాలను కాక ఋతువులను బట్టి లెక్కించే సాయన పద్ధతిది కనుక సూర్యుడు డిసెంబరు 22 ప్రాంతంలోనే మకరంలోకి వెళతాడు. మన పంచాంగంతో పోల్చి గడియారం తప్పనుకోనక్కర్లేదు.

ఆ గడియారం ఉన్న పురభవనం బురుజు పాదం దగ్గర నేలమీద 27 తెల్లని శిలువలు పరిచి ఉన్నాయి. కిటికీ ఘటనతో మొదలైన తిరుగుబాటు 1620 నవంబరులో తెల్లకొండ యుద్ధంలో ఓడిపోయాక, 1621 జూన్ 21న ఈ కూడలిలో మరణదండన పొందినవారి గుర్తులవి. వారిలో పన్నెండుమంది తలలను పొద్దున మీరు చూసిన వంతెన బురుజుకు పదేళ్లపాటు వేలాడదీశారు. ఈ మూడు చోట్లనూ ఒకే రోజు చూస్తేనే ఆ చరిత్ర మనసుకెక్కుతుందని నా అభిప్రాయం.

అక్కడి నుంచి ట్సెలెత్నా వీధి చివరనున్న పౌడర్ టవర్‌కు పది నిమిషాల నడక. దాని పక్కనే మెట్రో ఉంది. దగ్గరే కదా అని యూదుల పేటను ఈ రోజే కలుపుకోకండి. పింకాస్ ప్రార్థనామందిరం గోడల మీద నాజీల చేతిలో బలైన దాదాపు 78,000 మంది పేర్లున్నాయి. అలసిన కళ్లతో చూడదగినది కాదు. అక్కడి మందిరాలు శనివారం మూసి ఉంటాయి కాబట్టి, మీ మొదటి రోజు శుక్రవారమైతే ఆ పేటను ఆదివారానికి పెట్టుకోండి.