గ్లో ఇంజను మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు, మధ్యలో మన చేతులు

దాళ్వా కోతలు అయిపోయి, కాలవలు కట్టేశాక వచ్చే ఏప్రిల్, మే నెలలే మా కోనసీమలో మోడల్ విమానాలకు అదను. చేలు ఖాళీగా ఉంటాయి, నేల గట్టిపడి ఉంటుంది, పొద్దున్నే గాలి నెమ్మదిగా ఉంటుంది. నెలల తరబడి పెట్టెలో పడి ఉన్న గ్లో ఇంజన్లన్నీ, అంటే ప్లగ్‌లోని వేడి తీగతో ఇంధనం అంటుకునే చిన్న ఇంజన్లు, అప్పుడే బయటికొస్తాయి. మొరాయించేదీ అప్పుడే.

నేను చూసిన వేళ్ల గాయాల్లో ఒక్కటి కూడా ఇంజను చక్కగా నడుస్తున్నప్పుడు తగిలింది కాదు. అన్నీ అది మొండికేసినప్పుడు తగిలినవే. ఎండెక్కుతుంటుంది, చుట్టూ పిల్లలు చేరి చూస్తుంటారు, విసుగొస్తుంది, "ఇంకొక్కసారి తిప్పి చూద్దాం" అని ముందుకు వంగుతాం. అందుకే ప్రతి సమస్య దగ్గరా చేతుల సంగతి, మరమ్మతు సంగతి కలిపే చెబుతాను.

ఇక్కడ చెప్పేదంతా 40 సైజు, అంటే 6.5 సీసీ టూ స్ట్రోక్ ఇంజను గురించి. దానికి సాధారణంగా పది అంగుళాల ప్రాప్ (ముక్కు దగ్గర తిరిగే పంకా) వేస్తాం. నిమిషానికి 12,000 చుట్లు తిరిగేటప్పుడు ఆ ప్రాప్ కొన గంటకు 570 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంటుంది. ఆ వేగంలో ప్రాప్ రెక్క విరిగితే సూటిగా పక్కకే ఎగిరొస్తుంది. కాబట్టి ప్రాప్‌కి ఎదురుగా గానీ సరిగ్గా పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు. ఒకరు తోక వైపు నుంచి విమానాన్ని గట్టిగా పట్టుకోవాలి. స్టార్ట్ చేసినవారు వెంటనే విమానం రెక్క వెనక్కి వచ్చేయాలి. ఇగ్నైటర్ (ప్లగ్ తీగని వేడిచేసే చిన్న బ్యాటరీ) తీయడం, నీడిల్ (ఇంధనం ఎంత వెళ్లాలో సరిచేసే మర) తిప్పడం అన్నీ అక్కడి నుంచే. మెడలో తువ్వాలు, ఐడీ కార్డు తాడు తీసి పక్కన పెట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, స్టార్టర్ లేకపోతే కర్రతో తిప్పండి, వేలితో వద్దు. కింద బరకం పరవకండి, అది లేచి ప్రాప్‌కి చుట్టుకుంటుంది. ఓ చెక్క పలక చాలు.

ఎంత తిప్పినా అంటుకోవడం లేదు

ముందు ప్లగ్ చూడండి. ఊడదీసి, పట్టకారుతో పట్టుకుని ఇగ్నైటర్ తగిలించండి. లోపలి సన్నటి తీగ నారింజ రంగులో జిగేలుమనాలి. మొద్దుగా ఎర్రగా ఉంటే ఇగ్నైటర్ చార్జింగ్ అయిపోయింది. అసలు వెలగకపోతే తీగ తెగింది, ప్లగ్ మార్చండి. ఈ ప్లగ్‌కి కావలసింది ఒకటిన్నర వోల్టు లోపే, స్టార్టర్ బ్యాటరీ 12 వోల్టులు. కంగారులో తీగలు తారుమారు చేసి ప్లగ్‌లు కాల్చుకోవడం చాలామందికి జరిగేదే.

ప్లగ్ బాగుంటే ఇంధనం వస్తోందా చూడాలి. ఇగ్నైటర్ తీసేసి, కార్బరేటర్ నోరు వేలితో మూసి, ప్రాప్‌ని రెండు చుట్లు తిప్పితే ట్యూబులో ఇంధనం నడిచి రావడం కనిపిస్తుంది. "ఇగ్నైటర్ తీసేసి" అన్నమాట మళ్లీ చెబుతున్నాను. అది తగిలించి ఉండగా ప్రాప్‌ని ఒక్క పావు చుట్టు తిప్పినా ఇంజను అంటుకోవచ్చు.

ఈ రెండూ సరిగ్గా ఉన్నా అంటుకోకపోతే మన డెల్టాలో అనుమానించాల్సింది తేమనే. ఈ ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్, అందులో కొంత నైట్రోమీథేన్, ఆముదమో సింథటిక్ ఆయిలో కలుపుతారు. మిథనాల్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత పెట్టని ఉప్పు జాడీ ఏమవుతుందో సగం ఖాళీ అయిన క్యాను కూడా అంతే. నీళ్లు చేరిన ఇంధనంతో ఇంజను అంటుకోదు, అంటుకున్నా తడబడుతుంది. కొత్త సీలు తీసిన క్యానుతో ఓసారి ప్రయత్నిస్తే తేలిపోతుంది. పాతదాన్ని కాలవలో పారబోయకండి, పక్కనే చేపల చెరువులున్నాయి. పొయ్యిలోకీ వాడకండి. చిన్న క్యాన్లు కొనుక్కుని, వాడిన వెంటనే మూత బిగించడమే దీనికి మందు.

ఇంధనం గురించి ఇంకో మాట. కల్తీ సారాలో మనుషుల చూపు పోగొట్టి, ప్రాణం తీసేది ఈ మిథనాలే. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టొద్దు. ఎవరైనా పొరపాటున ఒక్క గుక్క మింగినా, బాగానే ఉన్నట్టు కనిపించినా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విష లక్షణాలు గంటల తరవాత గానీ బయటపడవు. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా టిఫిను పొట్లం విప్పకండి.

ప్రాప్ బిగుసుకుపోయింది, కదలడం లేదు

ఇంధనం ఎక్కువై సిలిండర్ నిండిపోయింది. ద్రవం అణగదు కదా, పిస్టన్ పైకి వెళ్లలేదు. ఇప్పుడు స్టార్టర్‌తో బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ తీసేసి, విమానాన్ని తలకిందులు చేసి, ప్లగ్ రంధ్రం మీద గుడ్డ కప్పి, చేత్తో నెమ్మదిగా తిప్పండి. గుడ్డ లేకపోతే ఇంధనం చిమ్మి కళ్లల్లో పడుతుంది.

వెనక్కి తిరుగుతోంది

ఇంధనం కాస్త ఎక్కువైనప్పుడు ఇంజను ఎదురుతన్ను తన్ని వెనక్కి అందుకుంటుంది. వేళ్లు తెగేది ఎక్కువగా ఈ తన్నుకే. పైగా వెనక్కి తిరిగేటప్పుడు ప్రాప్ నట్టు వదులై, ప్రాప్ ముందుకు ఎగిరిపోవచ్చు. థ్రాటిల్ పూర్తిగా మూయండి, ఆగకపోతే ట్యూబు నొక్కి పట్టండి. గుడ్డ విసిరి ఆపడం మానుకోండి. ఆగాక నట్టు బిగించి, ఓ లాక్ నట్టు వేసుకుంటే నిశ్చింత.

ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతోంది

నీడిల్ మరీ తెరుచుకుని ఉంది, లేదా ప్లగ్ ముసలిదైంది. నీడిల్ రెండు క్లిక్కులు మూసి చూడండి, కాకపోతే ప్లగ్ మార్చండి.

నేల మీద బాగానే అరిచి, పైకి లేవగానే ఆగిపోతోంది

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. చేను దాటితే కొబ్బరి తోట, దాని పక్కన కాలవ గట్టు, గట్టు మీద బళ్లు. ఇంజను ఆగిన విమానం ఎక్కడ దిగుతుందో మన చేతుల్లో ఉండదు.

చాలాసార్లు కారణం మనమే. నేల మీద గరిష్ఠ వేగం కోసం నీడిల్ బిగించేస్తాం. గాల్లో ప్రాప్ మీద భారం తగ్గి వేగం ఇంకా పెరుగుతుంది, ముక్కు పైకెత్తితే ఇంధనం ఎగువకు ఎక్కాలి. అక్కడ చాలక లీన్ అయిపోతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం తక్కువవుతుంది. ఇంధనంతో పాటే ఆయిల్ కూడా తగ్గుతుంది కాబట్టి ఇంజను వేడెక్కి పిస్టన్ గీసుకుంటుంది.

సరిచేసే పద్ధతి ఇది. ఫుల్ థ్రాటిల్‌లో, రెక్క వెనక నిలబడి, నీడిల్‌ని మూస్తూ శబ్దం కీచుగా శిఖరానికి చేరేదాకా వెళ్లండి. అక్కడి నుంచి రెండు మూడు క్లిక్కులు వెనక్కి తెరవండి. ఇప్పుడు సాయం పట్టినవారు, ప్రాప్ ఎవరి ముఖానికీ ఎదురు రాకుండా, ముక్కును ఆకాశంలోకి ఎత్తి పది సెకన్లు పట్టుకోవాలి. శబ్దం కొద్దిగా పెరిగితే సరిగ్గా ఉంది. కుంగితే ఇంకో క్లిక్కు తెరవాలి. ఎగిరేటప్పుడు మఫ్లర్ నుంచి తెల్లటి పొగ చార కనిపించాలి. చార లేకపోతే వెంటనే దించేయండి.

నీడిల్ సరిగ్గా ఉన్నా ఆగుతుంటే ట్యూబు వైపు చూడండి. పోయిన వేసవిలో రావులపాలెం అవతల మా ఇంజను మూడు రోజులు ఇలాగే ఏడిపించింది. చివరికి మా మేనల్లుడు ట్యూబుని కళ్ల దగ్గర పెట్టుకుని, "మావయ్యా, ఇక్కడ ఒక బుడగ కదులుతోంది చూడు" అన్నాడు. ట్యాంకు దగ్గర ట్యూబు మెలిక తిరిగిన చోట సూదిమొన అంత రంధ్రం ఉంది. ఇంధనం బయటికి కారడం లేదు, గాలి మాత్రం లోపలికి వెళుతోంది. రెండంగుళాల కొత్త ట్యూబు వేస్తే సమస్య తీరింది. బుడగలు ఒకటీ అరా కాకుండా నురగలా వస్తుంటే ట్యాంకు చుట్టూ స్పాంజి లేక విమానం అదురు నేరుగా తగులుతోందన్నమాట. ట్యాంకు లోపల బరువు కట్టిన గొట్టం గట్టిగా దిగిన తరవాత ముందుకు మడతపడిపోతుంది, అదీ చూడండి.

విపరీతంగా అదురుతోంది

ప్రాప్ కొనకు రాయి తగిలి గాటు పడిందేమో వేలుగోటితో తడిమి చూడండి, ఇంజను ఆపాకే. గాటు పడినదాన్ని విరిచి పారేయండి, అతికించిన ప్రాప్ వాడకండి. కొత్త ప్రాప్‌ని కూడా బ్యాలెన్స్ చేసి, బరువున్న రెక్కని కాస్త గీకాలి. తరవాత ఇంజనుని పట్టి ఉంచే మౌంటు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి.

ముక్కు దగ్గర గాలి మరిగినట్టుంది

మిథనాల్ మంట పట్టపగలు కనిపించదు. ఎండలో తారురోడ్డు మీద గాలి ఊగినట్టు ఊగుతుంది, దగ్గరలోని టేపు తనంతట తనే ముడుచుకుంటుంది, కమిలిన వాసన వస్తుంది. ఏదీ ముట్టుకోకుండా జనాన్ని వెనక్కి పంపండి. మిథనాల్ నీళ్లలో కలుస్తుంది కాబట్టి ధారాళంగా నీళ్లు పోస్తే ఆరుతుంది, తడి గోనెసంచి కప్పినా సరే. రెండు బిందెల నీళ్లు, ఓ తడి గోనె లేకుండా మేము పెట్టె విప్పం. ఇంధన క్యాను ఎప్పుడూ పది అడుగుల అవతల, మూత పెట్టి ఉండాలి.

వానాకాలం తరవాత తీస్తే గరగరమంటోంది

రెండు రకాలుగా ఉంటుంది. బంకలా సాగుతూ బిగిసి ఉంటే అది ఎండిన ఆముదం. హెయిర్ డ్రైయర్‌తో తల భాగాన్ని వెచ్చచేస్తే వదులుతుంది, సుత్తి జోలికి పోకండి. ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగులు తుప్పు పట్టాయి, మార్చాల్సిందే. నైట్రోమీథేన్ కాలాక మిగిలే ఆమ్లం, మన గాలిలోని తేమ కలిస్తే ఉక్కు బేరింగుకి ఒక్క వర్షాకాలం చాలు.

అందుకే రోజు ముగిశాక ఆఖరి పరుగులో ట్యూబు నొక్కి, లోపల ఉన్నదంతా కాలిపోయేలా ఇంజనుని దానంతట ఆగనివ్వండి. చల్లారాక కార్బరేటర్లో, ప్లగ్ రంధ్రంలో నాలుగైదు చుక్కలు ఆయిల్ వేసి చేత్తో పదిసార్లు తిప్పండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో సహా పెట్టండి. వంటింటి అటక మీద కాదు, అక్కడ అన్నం ఆవిరి తగులుతుంది.