పాత యుద్ధ పతకానికి బిడ్ వేసే ముందు

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన మన సైనికుల పతకాలు ఆన్‌లైన్ వేలాల్లో తరచుగా కనిపిస్తుంటాయి. హైదరాబాద్ లాన్సర్స్ అనో, మద్రాస్ సాపర్స్ (సైనిక ఇంజనీర్ల దళం) అనో పేరు కనబడితే తెలుగువాళ్లకు చెయ్యి ఆగదు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు సైనిక విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాద్ దళానికి గుర్తు. ఆ అభిమానం మంచిదే. కానీ అది అమ్మేవాళ్లకూ తెలుసు, కాబట్టి ఆగి చూసుకోవాలి.

మీరు కొంటున్నది లోహాన్ని కాదు, అంచు మీదున్న పేరుని. ఆ యుద్ధానికి ఇచ్చిన వెండి బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్ రెండిటికీ అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం ముద్రిస్తారు. 1914-15 స్టార్ అనే నక్షత్రం ఆకారపు పతకానికైతే వెనకవైపు ఉంటాయి. పేరు చెరిపేస్తే మిగిలేది వెండి ధరే. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశాన్నంటినప్పుడు ఎన్నో వార్ మెడల్స్ కరిగిపోయాయి. జత విడిపోయి విక్టరీ మెడల్ ఒక్కటే అమ్మకానికి రావడానికి అదొక కారణం.

అందుకే అంచు చుట్టూ తిప్పి తీసిన ఫొటోలు అడగండి. పంపనంటే వదిలేయండి, ఎంత చవకైనా సరే. ఫొటోలు వచ్చాక అక్షరాలన్నీ ఒకే ఎత్తులో, ఒకే లోతులో ఉన్నాయా చూడండి. పేరు అలాగే ఉంచి దళం పేరు ఒక్కటే చెరిపి, గిరాకీ ఉన్న దళం పేరు వేసే మోసం పాతదే. అలా చేస్తే ఆ చోట అంచు కొంచెం అరిగి పల్చబడుతుంది. మెడల్ అడ్డకొలత 36 మిల్లీమీటర్లు. మూడు నాలుగు చోట్ల కాలిపర్‌తో కొలిచి ఫొటో పెట్టమనండి. వార్ మెడల్ బరువు సుమారు ఒక ఔన్సు. అచ్చు పోసిన డూప్లికేట్‌లో రాజు తల మీద గీతలు మొద్దుబారి, ఉపరితలం మీద సన్నని గుంటలు కనిపిస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడి తోసేయకండి. వార్ మెడల్ కంచులో కూడా వచ్చింది. లేబర్ దళాల్లో పనిచేసిన భారతీయులు, చైనీయులు, మాల్టా వాళ్లకు ఇచ్చింది అదే. రాళ్లు కొట్టి, రోడ్లు వేసి, సామాన్లు మోసిన మనుషుల పతకం అది. వెండిది కాదని చిన్నచూపు చూసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. నిజానికి వెండివాటికంటే అవి అరుదు.

పేరు దొరికాక ఆ మనిషిని వెతకండి. చనిపోయినవాళ్లయితే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఒకే పేరుతో చాలామంది ఉంటారు కాబట్టి నంబరు, దళం రెండూ కలవాలి. జాబితాలో లేడంటే బతికి తిరిగొచ్చాడనీ కావచ్చు. కాబట్టి అది నకిలీ అనడానికి ఆధారం కాదు.

రెండో ప్రపంచ యుద్ధం దగ్గరికొస్తే లెక్క మారుతుంది. బ్రిటన్ తన సైనికులకు ఇచ్చిన బర్మా స్టార్ లాంటివి పేరు లేకుండానే వచ్చాయి. "మా తాతగారిది" అని ఎంత చక్కగా కథ చెప్పినా, సర్వీసు కాగితాలు లేకపోతే స్టార్ ధరే ఇవ్వండి. తర్వాత చెక్కించుకున్న పేరు రుజువు కాదు. 1914 సెప్టెంబరు 22న మద్రాసుపై జర్మన్ యుద్ధనౌక ఎండెన్ పేల్చిన గుండు ముక్కనో, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపై జపాన్ వేసిన బాంబు ముక్కనో అమ్మకానికి పెట్టినా అంతే. ఇనుప ముక్కను చూసి ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

ఇక కొన్ని వస్తువులు ఇంట్లోకే రాకూడదు. "ఖాళీది" అని చెప్పే గ్రెనేడు, షెల్ అమ్మేవాడి మాట మీద కొనొద్దు. పాత గ్యాస్ మాస్క్ ఫిల్టర్లలో ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పిల్లల ముఖానికి అస్సలు పెట్టొద్దు. విమానం మీటర్లు, వాచీల మీద రాత్రి వెలిగే రంగు రేడియంది కావచ్చు. వెలుగు ఆరిపోయినా రేడియేషన్ పోదు, కాబట్టి అద్దం విప్పొద్దు. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు తగిలించే 1907 నాటి బయొనెట్ (తుపాకీ బాకు) పదును భాగం 17 అంగుళాలు, మన ఆయుధాల చట్టం హద్దు 9 అంగుళాలు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లోనే ఇరుక్కుంటుంది.

మీ ఇంట్లో ఉన్న పతకాన్ని విదేశీ వేలానికి పంపాలనుకుంటున్నారా? 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి యుద్ధం పతకాలు ఇప్పుడు ఆ వయసుకు వచ్చేశాయి. ముందు పురావస్తు శాఖను అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

బిడ్ వేసేటప్పుడు వేలం ధరకి వేలం సంస్థ కమీషన్, కొరియర్, కస్టమ్స్ కలిపి మీ గరిష్ఠం ముందే కాగితం మీద రాసుకోండి. చివరి నిమిషంలో ధర ఎగబాకుతుంటే టెన్షన్‌లో ఆ అంకె దాటకండి. డబ్బు సైట్ ద్వారానే చెల్లించండి, "బయట పంపితే తగ్గిస్తా" అంటే వద్దనండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, అంచుని లిస్టింగ్ ఫొటోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే రిటర్న్ గడువు దాటకముందే ఫిర్యాదు చేయండి. బాగానే ఉంటే మాత్రం పాలిష్ జోలికి పోకండి, రుద్దిన కొద్దీ ఆ పేరే అరుగుతుంది.