సాయంత్రం కాఫీ, రాత్రి జాగారం

పదకొండింటికి పడుకుని ఒంటిగంట దాకా ఫ్యాను రెక్కలు చూస్తున్నారా? పరుపును తిట్టుకునే ముందు సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీని గుర్తు చేసుకోండి. పగలంతా మెదడులో పోగయ్యే అడినోసిన్ అనే పదార్థం నిద్రమత్తు తెస్తుంది. కాఫీలో ఉండే కెఫీన్ దానికి అడ్డుపడుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే చాలామందికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే సగం గ్లాసు కాఫీ మీతోపాటే మంచమెక్కుతుందన్నమాట! టీ కూడా ఆ తానులో ముక్కే.

నేను చివరి కాఫీని మధ్యాహ్నం రెండింటికి జరిపాను. సాయంత్రం చేతిలో గ్లాసు లేకపోతే తోచదు కాబట్టి పలచటి మజ్జిగలో కాస్త అల్లం, ఉప్పు వేసుకుంటున్నాను. మొదటి మూడు రోజులు తలనొప్పి వేధించింది, తర్వాత సర్దుకుంది.

ఇరవై నిమిషాలైనా కన్ను మూతపడకపోతే అటూ ఇటూ దొర్లకండి. లేచి, మసక వెలుతురులో ఉతికిన బట్టలు మడతపెట్టండి. కునుకు వచ్చాకే మళ్ళీ పడుకోండి. ఫోను మాత్రం ముట్టుకోవద్దు. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున లేచే వేళ మార్చకండి.

గురకపెడుతూ మధ్యలో ఊపిరాడక ఉలిక్కిపడి లేచేవారికి మజ్జిగ సరిపోదు, డాక్టరుకు చూపించుకోవాలి.