పైలట్ క్రోనోగ్రాఫ్ కొనేటప్పుడు ముందు బటన్లు నొక్కి చూడండి

నేను కొన్న మొదటి ‘పైలట్ క్రోనోగ్రాఫ్’లో క్రోనోగ్రాఫే, అంటే స్టాప్‌వాచే లేదు. నల్ల డయల్, పెద్ద అంకెలు, మూడు చిన్న డయల్స్, పక్కన రెండు బటన్లు, హంగులన్నీ ఉన్నాయి. పై బటన్ నొక్కితే స్టాప్‌వాచ్ ముల్లు కదలాలి కదా, ఆదివారం కాస్తా సోమవారం అయింది! అది వారం, తేదీ చూపించే మామూలు ఆటోమేటిక్ వాచ్. తక్కువ ధరలో ఇలాంటివి బోలెడు. అందుకే డయల్ చూసి మురిసిపోయే ముందు లోపల ఏ మెషిన్ ఉందో అడగండి.

వీకే63, వీకే64 అంటే సీకో వాళ్ళ మెకా-క్వార్ట్జ్. బ్యాటరీతో నడుస్తుంది, రీసెట్ నొక్కితే ముల్లు మాత్రం మెకానికల్ వాచ్‌లో లాగే టక్కున సున్నాకి వస్తుంది. మంచిదే, కానీ మనం వెతుకుతున్నది అది కాదు, బ్యాటరీ లేని పూర్తి మెకానికల్ క్రోనోగ్రాఫ్. ఎస్‌టీ19 అన్నారంటే చైనాలోని టియాన్‌జిన్ సీగల్ మెషిన్. బ్యాటరీ ఉండదు, రోజూ కీ ఇవ్వాలి. దీని మూలం స్విట్జర్లాండ్‌కు చెందిన వీనస్ 175. చైనా వైమానిక దళానికి క్రోనోగ్రాఫ్‌లు చేసిపెట్టే పని 1961లో టియాన్‌జిన్ ఫ్యాక్టరీకి వచ్చింది. దానికి వాడుకున్నది ఆ వీనస్ డిజైన్‌నే. ‘1963’ పేరుతో ఇప్పుడు అమ్మే వాచీలు ఆ కథకు కొనసాగింపు.

వాచ్ చేతికొచ్చాక వెనక గ్లాస్ ఉంటే భూతద్దం పెట్టి చూడండి. చిన్న చిన్న స్తంభాలు నిలబెట్టినట్టుండే చక్రం కనిపిస్తుంది, దాన్నే కాలమ్ వీల్ అంటారు. పై బటన్ నొక్కగానే అది ఒక్క మెట్టు తిరుగుతుంది, లివర్ కొన స్తంభాల మధ్య సందులో పడుతుంది, పక్కనున్న చక్రం జరిగి మధ్య చక్రం పళ్ళను అందుకుంటుంది. పళ్ళు కలిసేటప్పుడు ముల్లు కాస్త ఉలిక్కిపడటం మామూలే. ప్రతిసారీ పెద్ద గెంతు వేస్తే మాత్రం సర్దుబాటు సరిగ్గా లేనట్టే.

అసలు పరీక్ష రీసెట్. నా రెండో వాచ్‌లో ముల్లు సున్నాకి ఒక గీత ఇవతలే ఆగింది. అమ్మినవాళ్ళు ‘ఈ ధరకి అంతేనండీ’ అన్నారు. పదిసార్లు నడిపి, ఆపి, రీసెట్ చేశాను. పదిసార్లూ అదే చోట ఆగితే ముల్లు బిగించడంలో తేడా, తీసి మళ్ళీ బిగిస్తే సరిపోతుంది. నాది ఒక్కోసారి ఒక్కోచోట ఆగింది, అంటే ముల్లు పట్టు జారుతోంది. తిరిగి పంపేశాను. ఇంకో మాట, స్టాప్‌వాచ్ నడుస్తుండగా కింది బటన్, అంటే రీసెట్, నొక్కకండి. ఫ్రెంచ్ పైలట్ల టైప్ 20 లాంటి ఫ్లైబ్యాక్ (ఆపకుండానే సున్నాకి తెచ్చి మళ్ళీ నడిపించే) వాచీలకే ఆ సౌకర్యం. మామూలు ఎస్‌టీ19లో ముందు ఆపాలి, తర్వాతే రీసెట్.

తర్వాత నిండా కీ ఇచ్చి స్టాప్‌వాచ్‌ని అరగంట నడవనివ్వండి. నిమిషాల ముల్లు ప్రతి 60 సెకన్లకీ ఒక్కో గీత శుభ్రంగా దాటాలి. మర్నాడు ఫోన్‌తో టైమ్ పోల్చండి. రోజుకి పది పదిహేను సెకన్ల తేడాకి నేనైతే టెన్షన్ పడను. ఇది సెకనుకి ఆరుసార్లు కొట్టుకుంటుంది కాబట్టి, డయల్ మీద సెకనుని ఐదు భాగాలు చేసి గీసిన గీతలు వట్టి అలంకారమే!

విమానం హంగులనూ ఊరికే వదలొద్దు. బ్రైట్లింగ్ కంపెనీ పైలట్ వాచ్ నావిటైమర్‌లా లెక్కలు చేసే రింగ్ ఉంటే, బయటి 20ని లోపలి 10 మీదకి తెచ్చి చూడండి. 30 కింద 15, 50 కింద 25 గీతకి గీత కలవాలి. కలవకపోతే అది బొమ్మ. వేగం చూపే స్కేల్ ఉంటే 30 సెకన్ల దగ్గర 120 ఉండాలి. లైటు ఆపి ముళ్ళు మెరుస్తున్నాయేమో కూడా చూడండి. నీళ్ళలో బటన్లు నొక్కే ఆలోచన ఎలాగూ వద్దు.

కొనే ముందే రిపేర్ చేసే మనిషిని వెతుక్కోండి. నేను అడిగిన ముగ్గురిలో ఇద్దరు ‘క్రోనోగ్రాఫా, మావల్ల కాదు’ అనేశారు. మూడో ఆయన ఏమీ అనలేదు. వాచ్ చెవి దగ్గర పెట్టుకుని పై బటన్ నొక్కి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఇప్పుడు నా వాచీలన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి.