నోవాకార్డ్‌లో లోపాన్ని చెవితో పట్టుకోవడం ఎలా?

హార్మోనియంలో ఒక రీడు మూగబోతే నష్టం ఆ ఒక్క స్వరానికే. అమెరికాలో హామండ్ సంస్థ 1939 నుంచి 1942 వరకు తయారుచేసిన ఎలక్ట్రానిక్ మెట్ల వాద్యం నోవాకార్డ్‌లో మాత్రం పైన పుట్టిన లోపం కింది స్థాయిలకూ పాకుతుంది. 72 మెట్లు, 163 వాల్వులు (వాక్యూమ్ ట్యూబులు) ఉన్న ఈ వాద్యాన్ని బాగుచేయాలంటే ముందు ఆ పాకే దారి తెలియాలి.

అన్నిటికన్నా పై స్థాయిలోని 12 స్వరాలకు 12 ఆసిలేటర్లు, అంటే నాదానికి మూలమైన విద్యుత్ కంపనాలను పుట్టించే సర్క్యూట్లు, ఉంటాయి; మెట్టు నొక్కినా నొక్కకపోయినా అవి పనిచేస్తూనే ఉంటాయి. మిగిలిన 60 మెట్లకు సొంత ఆసిలేటర్ లేదు. వాటిలో ప్రతి ఒక్కటీ తనకు సరిగ్గా పైనున్న స్థాయిలోని అదే స్వరం నుంచి వచ్చే కంపనాలలో ఒకటి విడిచి ఒకదానికి మాత్రమే స్పందించే డివైడర్ వాల్వు ద్వారా తన నాదాన్ని పొందుతుంది. అందుకే సెకనుకు 880 కంపనాల స్వరం కింది స్థాయిలో 440గా, దాని కింది స్థాయిలో 220గా దిగివస్తుంది.

దశాబ్దాలుగా మూలనపడి ఉన్న వాద్యాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. పవర్ సప్లయిలోని పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను ముందే మార్చి, వేరియాక్‌తో (వోల్టేజిని కావలసినంతకు మార్చగల ట్రాన్స్‌ఫార్మర్‌తో) వోల్టేజిని నెమ్మదిగా పెంచాలి. స్విచ్ ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు కనుక, దాన్ని రెసిస్టర్ ద్వారా ఖాళీచేసి, మీటరుతో సరిచూసుకున్నాకే లోపల చేయి పెట్టాలి.

వాద్యం పలకడం మొదలయ్యాక ఒకే స్వరాన్ని పై నుంచి కిందికి, స్థాయి తర్వాత స్థాయిగా వాయించండి. అన్ని స్థాయిల్లోనూ అది ఒకేలా శ్రుతి తప్పితే లోపం పైనున్న ఆసిలేటర్‌లో ఉన్నట్టు. రెండు స్థాయిలు బాగా పలికి, మూడోది మొదలుకొని కిందివన్నీ మౌనంగా ఉంటే ఆ మూడోదాని డివైడర్‌ను చూడాలి.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది తప్పు లెక్క. డివైడర్‌లోని కెపాసిటర్లు, రెసిస్టర్ల విలువలు కాలక్రమేణా మారిపోయినప్పుడు, అది రెండు కంపనాలకు ఒకసారి కాక మూడింటికి ఒకసారి స్పందించవచ్చు. అప్పుడు షడ్జం రావలసిన చోట దాని కింది స్థాయిలోని మధ్యమం వినబడుతుంది, అక్కడి నుంచి కిందివన్నీ ఆ మధ్యమాన్నే అనుసరిస్తాయి. డివైడర్ ప్రతి కంపనానికీ స్పందిస్తే పై మెట్టు నాదమే మళ్లీ వస్తుంది. ఇలాంటి చోట్ల వాల్వును అనుమానించి కొత్తది కొనేముందు కెపాసిటర్లను కొలవడం మేలు. నా ఉద్దేశంలో వాల్వుల మీద పడే నిందలో చాలా భాగం కెపాసిటర్లదే.

ఒక్క మెట్టు మాత్రమే మూగబోయి, దాని కింది స్థాయి చక్కగా పలుకుతుంటే డివైడర్ జోలికి పోనక్కరలేదు. నాదం ఎంత వేగంగా పుట్టాలో, ఎంతసేపట్లో అణగాలో నిర్ణయించే వాల్వు ప్రతి మెట్టుకూ విడిగా ఉంటుంది. మెట్టు కింది కాంటాక్టును శుభ్రపరిచి, అప్పటికీ పలకకపోతే ఆ వాల్వును పక్క మెట్టుదానితో మార్చి చూడండి. మౌనం పక్క మెట్టుకు మారితే వాల్వు పోయినట్టే. మారకపోతే ఆ సాకెట్ చుట్టూ ఉన్న టంకాలను, రెసిస్టర్లను ఒక్కొక్కటిగా పరీక్షించాలి.