కాచినా పోని సీసం: వేసవికి ముందు చూసుకోవలసినవి

మే నెల వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లకు అమ్మానాన్నల రాక మొదలవుతుంది. కూతురి పురిటికి వచ్చిన అమ్మ ముందుగా చేసే పని నీళ్లు కాచడం. కలరా, టైఫాయిడ్ చూసిన తరం వారిది, ఆ జాగ్రత్తకు వంక పెట్టలేం. కానీ పాత ఇళ్లలో కుళాయి నీటితో వచ్చే సీసం కాస్తే పోదు. క్రిములు చస్తాయి, నీరు కొంత ఆవిరైపోతుంది, సీసం మాత్రం గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. ఆ నీళ్లతోనే పసిబిడ్డకు పాలపొడి కలుపుతాం. పాలపొడి తాగే పిల్లల ఒంట్లోకి చేరే సీసంలో 40 నుంచి 60 శాతం దాకా నీటి ద్వారానే రావచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది.

షికాగోలో పాత ఇంట్లో అద్దెకు ఉన్నవారు, కొనబోతున్నవారు దీన్ని మరింత పట్టించుకోవాలి. వీధి కింద పెద్ద గొట్టం నుంచి ఇంట్లోకి వచ్చే చిన్న పైపు సీసంతోనే ఉండాలని 1986 వరకూ ఆ నగర నిబంధనలే చెప్పేవి. ఆ ఏడాది దేశమంతటా కొత్త సీసపు పైపులను నిషేధించారు గానీ, భూమిలో ఉన్నవి అలాగే ఉండిపోయాయి. షికాగోలో అలాంటివి సుమారు 4 లక్షలు, దేశంలో మరే నగరంలోనూ అన్ని లేవు. శుద్ధి కేంద్రం నుంచి మంచి నీరే బయలుదేరుతుంది. ఇంటి ముందు ఆఖరి కొన్ని గజాల్లోనే సీసం కలుస్తుంది. నీరు వెచ్చబడిన కొద్దీ అది ఎక్కువగా కరుగుతుంది కాబట్టి వేసవిలో బెడద ఎక్కువ.

ఊరి నీరు పరీక్షలో నెగ్గిందని నిశ్చింతగా ఉండకండి. ఆ లెక్క ఊరందరిది, మీ ఇంటి పైపుది కాదు. 2014లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గుతుందని నది నీటికి మారింది. పైపులు తుప్పు పట్టి అరిగిపోకుండా కలపవలసిన రసాయనం కలపలేదు. పైపుల లోపలి రక్షణ పొర ఊడిపోయి సీసం నీటిలోకి దిగింది. జనం రంగు మారిన నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి చూపించినా నెలల తరబడి అధికారులు ఏమీ కాదనే అన్నారు.

కాబట్టి ముందు బేస్‌మెంట్‌లోకి దిగండి. నీటి మీటరుకు ముందు, గోడలోంచో నేలలోంచో లోపలికి వచ్చే పైపును వెతకండి. తాళంచెవి అంచుతో పై మురికి పోయేలా మెల్లగా గీకండి. లోహం మెత్తగా ఉండి, గీత వెండిలా మెరిసి, ఫ్రిజ్ మీది అయస్కాంతం దానికి అంటుకోకపోతే అది సీసమే. వాల్వు దగ్గర పైపు ఉల్లిపాయలా ఉబ్బి ఉండటం మరో గుర్తు. రాగి అయితే ఎర్రగా కనిపిస్తుంది. అయస్కాంతం అంటుకుంటే జింకు పూసిన ఇనుము. దానికి ముందు ఎప్పుడైనా సీసపు పైపు ఉండి ఉంటే ఈ ఇనుప తుప్పులోనూ సీసం పేరుకుని ఉంటుంది. పని కాగానే చేతులు కడుక్కోండి. పెద్ద అపార్టుమెంటు భవనాలకు లావు పైపులు కావాలి కాబట్టి వాటికి సాధారణంగా సీసపు పైపు ఉండదు. అయినా పాత అతుకుల్లో, ఇత్తడి కుళాయిల్లో కొంత ఉండవచ్చు. షికాగోలో 311కు ఫోన్ చేసి పరీక్ష సీసాలు ఉచితంగా తెప్పించుకోవచ్చు.

పైపు సీసమని తేలితే, మార్చేవరకు ఫిల్టరే దిక్కు. కొనేటప్పుడు డబ్బా మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అనే ప్రమాణం, దాని పక్కన సీసం పేరు రెండూ ఉన్నాయో లేదో చూడండి. 42 అని మాత్రమే ఉంటే అది క్లోరిన్ వాసన, రుచి సరిచేయడానికే. ఆర్వో యంత్రానికైతే 58 ఉండాలి. కార్‌ట్రిడ్జ్‌ను గడువు దాటనివ్వకండి, అందులో వేడి నీళ్లు పోయకండి.

తాగే నీటిని వడగట్టి, వంటకు కుళాయి నీళ్లు పట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. మన వంటకు ఇది అస్సలు పనికిరాదు. అన్నం, పప్పు, రాగిజావ పోసిన నీటినంతా పీల్చుకుంటాయి, సీసం కూడా కంచంలోకే వస్తుంది. ఎసరు తొందరగా మరుగుతుందని వేడి నీటి కుళాయి తిప్పడం అంతకన్నా చేటు. తాగడానికైనా, వంటకైనా చన్నీటి కుళాయే వాడి, వడగట్టి, ఆ తర్వాత కాచుకోండి. అమ్మకు చెప్పవలసింది కూడా ఇదే. కాచడం మానమని కాదు, ముందు వడగట్టమని.

ఆరు గంటలకు మించి నీళ్లు వాడకపోతే, ముఖ్యంగా ఊరి నుంచి తిరిగి వచ్చాక, చన్నీటి కుళాయిని కనీసం 5 నిమిషాలు వదలండి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. కుళాయి మూతికి ఉండే సన్నటి జల్లెడలో సీసపు రేణువులు చిక్కుకుంటాయి, అప్పుడప్పుడు విప్పి కడగండి. వీధిలో తవ్వకాలు జరిగితే వెంటనే కడగండి. స్నానానికి, బట్టలకు భయం లేదు, చర్మం గుండా సీసం లోపలికి పోదు.

సీసం ఒంట్లో చేరినా పిల్లల్లో పైకి ఏమీ కనబడదు. ఏడాది, రెండేళ్ల వయసులో రక్తపరీక్ష అడిగి చేయించండి. డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే వైద్యులు కారణం వెతుకుతారు. ఊరి నుంచి తెచ్చిన సింధూరం, కాటుక, విడి పసుపు వాడుతుంటే అదీ చెప్పండి, వాటిలోనూ సీసం బయటపడిన సందర్భాలున్నాయి.

చివరికి పైపు మారుస్తామంటే వీధి నుంచి మీటరు దాకా మొత్తం మార్చమనండి. సగం మార్చితే కదిలిన పాత ముక్క నుంచి కొంతకాలం సీసం ఇంకా ఎక్కువగా వస్తుంది. పూర్తిగా మార్చినా ఆరు నెలలపాటు ఫిల్టర్ వాడకం ఆపవద్దు.