స్లీవ్ సర్జరీ తర్వాత పెళ్లి భోజనానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీలో పొట్టలో దాదాపు 80 శాతం తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. లోపల ఒత్తిడి ఎక్కువ, అందుకే చాలామందికి పులుపు గొంతులోకి ఎగదన్నుతుంది. మామూలు భోజనానికి డాక్టర్ సరే అన్నాకే బయలుదేరండి.

– పొట్టలో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర రాసిచ్చి ఉంటే తినడానికి అరగంట ముందే వేసుకోండి. పంక్తిలో కూర్చున్నాక గుర్తొస్తే లాభం తక్కువ.

– భోజనానికి అరగంట ముందే నీళ్లు ఆపండి, తిన్నాక ఇంకో అరగంట ముట్టొద్దు. సోడా, కూల్‌డ్రింక్ అసలొద్దు.

– విస్తట్లో ముందు పప్పు, పెరుగు. చిన్న ముద్ద, మెత్తగా నమలాలి. పులిహోర రెండు ముద్దలు చాలు, మిరపకాయ బజ్జీ జోలికి పోకండి. "ఇంకొంచెం వేసుకో వదినా" అంటూ గరిటెతో వచ్చేవాళ్లే అసలు గండం! మొహమాటపడకుండా ఆకుకి చెయ్యి అడ్డం పెట్టేయండి.

– గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికి పొట్టకు చేసే ఇంకో సర్జరీ) అయినవాళ్లకు జిలేబీ, బొబ్బట్లతో ఇంకా ఇబ్బంది: గుండెదడ, చెమటలు, విరేచనాలు.

– తలనొప్పికి పక్కవాళ్లిచ్చిన ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు. పుండ్లు పడే ముప్పుంది.

– రాత్రి విందైతే పడుకునేలోపు 3 గంటలు గ్యాప్ ఉండాలి.

మింగడం కష్టమైనా, వాంతులు ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా చిట్కాలు మానేసి వెంటనే సర్జన్ దగ్గరకు వెళ్లండి.